చిటుకు లేని గొంతు

మళ్ళీ చిటుక్కుమంది. అమ్మ "జూసీ" అని పిలిచేలోపు, ఆ పిలుపుకి వెంట్రుకవాసి ముందు, ఎండుపుల్ల విరిచినట్టు చిటుక్కుమంది. జూసీ హెడ్‌ఫోన్లు రెండు చేతుల్తో చెవులకేసి అదుముకుని, ఒళ్ళో ఉన్న పెట్టె మీద ఆ రబ్బరు మీటనే మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే చిటుకు, మళ్ళీ అదే జూసీ. పిలుపులో తప్పేమీ లేదు, పిలుపు అమ్మదే, తాడు మీద బట్టలు తీసుకురమ్మని చెప్పేముందు పిలిచే పిలుపు, సంతకి బయల్దేరేముందు దుప్పటి లాగి లేపే పిలుపు, కానీ దాని ముందు ఎవరో గడియ తీసినట్టు ఈ చప్పుడు ఉన్నంతకాలం అది అమ్మ పిలిచినట్టుండదు, మిషను పిలిచినట్టుంటుంది, అమ్మ నోరు తెరిస్తే ఎప్పుడైనా గడియ చప్పుడైందా. ఎదురుగా గోడకి ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయి ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో జనం, ఒళ్ళో పళ్ళ సంచులు, ఉతికి మడతపెట్టిన నైటీలు, ఒకాయన పూలగుత్తి గుండెకానించుకుని నిద్రపోతున్నాడు. మూడింటికి గానీ వార్డు తలుపు తియ్యరు. తలుపు దగ్గర వాచ్‌మన్ అదెర్బల్ కాఫీ ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు, తిప్పి పోసుకోకుండా మళ్ళీ బిగిస్తున్నాడు. నిన్న అమ్మ గొంతు తీసేశారు.

తీసేశాం అనే అన్నాడు డాక్టరు. గడ్డని తీసేశాం అనలేదు, గడ్డ స్వరపేటికలోనే ఉంది కాబట్టి పేటిక మొత్తం తీసేశాం అన్నాడు, ఇకమీదట మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి, మాట ఉండదు, కొన్నాళ్ళు పోయాక వేరే పద్ధతిలో నేర్పించి చూస్తారు, కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఆయన చెప్తున్నంతసేపూ జూసీ ఆయన వేళ్ళు చూస్తూ ఉంది, కడిగి కడిగి పాలిపోయిన వేళ్ళు, గోళ్ళు బాగా కత్తిరించుకున్నాడు, తను పనిచేసే పార్లరుకి వచ్చే ఆడవాళ్ళెవరికీ అంత నీటైన గోళ్ళుండవు, ఆ వేళ్ళే అక్కడ తిరిగాయి, అమ్మ గొంతులో, సాఁవ్ పావ్లో నగరం తూర్పు కొస మొత్తానికి వినబడే ఆ గొంతులో.

అతిశయోక్తేం కాదు. గువాయనాజెస్ ఆదివారం సంతలో అమ్మ జొరైజీ అరటిపళ్ళ బండి ఎక్కడుందని ఎవరూ కళ్ళతో వెతికేవాళ్ళు కాదు. వీధి మలుపు తిరిగితే చాలు, చేపల బల్లలు, నల్లచిక్కుడు గింజల బస్తాలు, నూనెలో పొంగుతున్న పిండివంటల పొగ, వాటన్నిటి నెత్తిమీంచి వచ్చేది ఆ గొంతు. "పళ్ళూడిన పెద్దమ్మా, నీ కోసమే ఇది, పెట్టుకుంటే చాలు దానంతటదే కరుగుద్ది." "ఏం బాబాయ్, ఊరికే పిసుకుతున్నావు, పిసికితే పెళ్ళాడాలి మరి." జనం నవ్వుతూ కొనేవాళ్ళు, తిట్టించుకోవడానికే కొనేవాళ్ళు. పక్కన చేపలమ్మే ఆయన, నీ కేకలకి నా చేపలు లేచి ఈదుకుంటూ పోతున్నాయే జొరైజీ అనేవాడు. ఆ గొంతు కాస్త బొంగురుపోతే మొదట వాన చలువన్నారు, తర్వాత నూనె పొగన్నారు, నిమ్మరసంలో తేనె కలిపి తాగింది, చర్చిలో చెయ్యి వేయించి ప్రార్థన చేయించుకుంది, ఆస్పత్రిలో చీటీ దొరికి, పరీక్షకి తేదీ దొరికి, ఆ పరీక్ష కాగితం చదివేవాడు దొరికేసరికి మింగితే చెవిలోకి పోటొస్తోంది. గొంతు తీసెయ్యాలి అన్నప్పుడు అమ్మ కాసేపు డాక్టరు మొహం చూసింది. "తీసేస్తే అరటిపళ్ళు వాటంతట అవే అరుచుకుంటాయా డాక్టరు బాబూ?" ఆయన నవ్వాడు. నవ్వించింది కాబట్టి అమ్మకి కాస్త తేలికైంది. బస్సులో ఇంటికొచ్చేటప్పుడు మాత్రం దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు, ఇంకా ఉన్న గొంతుని అప్పుడే వాడటం మానేసినట్టు కూచుంది.

మీటని కాదు, అంకె ఉన్న బుడిపెని తిప్పాలి. ఎడమకి ఒక పిసరు. నొక్కింది. చిటుక్. ఇంకో పిసరు. చిటుక్, ఈసారి సన్నగా, గోరు విరిగినట్టు. ఈ పెట్టె అన్నయ్యది, ఎద్వాన్‌ది. చప్పుళ్ళని లోపలికి తీసుకుని, ముక్కలు కోసి, ముక్కకొక మీట చొప్పున చేతికిచ్చే పెట్టె, శాంప్లరు. పాత రికార్డుల్లోంచి ఒక డ్రమ్ము దెబ్బ, ఒక బాకా ముక్క ఎత్తుకొచ్చి వాటిమీద పాటలు కట్టే కుర్రాళ్ళందరికీ ఆ రోజుల్లో దాని మీదే కన్ను. ఎద్వాన్ పగలంతా మోటార్‌సైకిల్ మీద ఊరి ఆఫీసుల కాగితాలు మోసి, సాయంత్రం వంటింటి బల్ల మీద దీన్ని పెట్టుకుని కూచునేవాడు, మోకాలికి ఇంకా వానబురద, నెత్తి మీద హెల్మెట్ అణిచిన జుట్టు. జూసీ పక్కన స్టూలు మీద. మొదటిసారి ఆమె కోసిన ముక్క నొక్కగానే వాడు మొహం అలా పెట్టాడు, పులిసిన పాలు నోట్లో పోసుకున్నట్టు.

"విన్నావా ఆ చిటుకు? ఎందుకొచ్చిందో చెప్పు."

"మిషన్ పాతది."

"మిషన్‌కేం, బంగారం. నువ్వు కదిలే రైల్లోంచి దూకావు. చప్పుడంటే ఊగడమే చెల్లాయ్, పైకీ కిందికీ. మధ్యలో ఒక్కచోట పైకీ కాదు కిందికీ కాదు, స్టేషన్లో ఆగినట్టు ఆగుద్ది. అక్కడ దిగాలి. ఇంకెక్కడ కోసినా స్పీకరు ఉన్నట్టుండి ఉలిక్కిపడుద్ది. ఆ ఉలికిపాటే నీకు వినబడేది."

"ఎక్కడాగిందో కనబడాలిగా."

"కనబడదు. ఇందులో అలలు చూపించే సోకులేం లేవు, రెండు అంకెలు చూపిస్తది. చెవితో చూడు."

చెవితో చూడ్డం. పార్లరులో ఎవరి చెయ్యో పట్టుకుని గోరంచు చర్మం వెనక్కి నెడుతున్నప్పుడు కూడా అదే అలవాటైంది తర్వాత, ఫ్యాను ఎక్కడ ఆగి మళ్ళీ తిరుగుతోంది, రోడ్డు మీద బస్సు బ్రేకు ఎక్కడ మొదలైంది, మనుషులు మాటకీ మాటకీ మధ్య ఎక్కడ ఖాళీ వదులుతారు. కొందరు అసలు వదలరు. ఎద్వాన్ వదిలేవాడు కాదు. నా గొంతు మీద నేర్చుకో, పాడైనా పర్లేదు, ఇంట్లో చవకైన సరుకు అదే అని మైకు పట్టుకుని ఎంతసేపు వాగాడో, రేడియోలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఎలా దగ్గుతారో చేసి చూపించాడు, అమ్మని కాఫీ అడిగాడు, అమ్మ తిడితే ఆ తిట్టు కూడా లోపలికెళ్ళింది, రాత్రి వచ్చిన కల చెప్పాడు, కలలో మోటార్‌సైకిల్ గుర్రమైపోయిందట, పెట్రోలు బంకులో గడ్డి అడిగితే లేదన్నారట. జూసీ దాన్ని కోసింది. సాయంత్రానికి కాస్త చొప్పున. చప్పుళ్ళు దాచే కార్డు చిన్నది, చోటు లేదు, అందుకని కోసినప్పుడల్లా పక్కకి పడిన ముక్కల్ని పారేసే మీట నొక్కేది. ఆ మీట నొక్కితే పోయింది పోయినట్టే, వెనక్కి రాదు. కల పోయింది, గుర్రం పోయింది, కాఫీ పోయింది, పాస్టరుగారి దగ్గు పోయింది, చివరికి ఒక్క "ఆ" మిగిలింది, మొదట్లో చిటుకు లేదు, చివర్లో చిటుకు లేదు, గుండ్రంగా, నున్నగా. ఎద్వాన్ విని వెన్నలా ఉందే అన్నాడు, నెత్తి మీద మొట్టికాయ వేశాడు. మిగతాది ఏమైందని వాడూ అడగలేదు, ఆమె కూడా అనుకోలేదు, ఎందుకనుకుంటుంది, మనిషి ఎదురుగా కూచుని రొట్టెకి వెన్న రాసుకుంటూ ఇంకా వాగుతూనే ఉన్నాడు. ఆ వానలు వెలవకముందే తూర్పుకెళ్ళే పెద్దరోడ్డు మీద, లారీకీ బస్సుకీ మధ్య. హెల్మెట్‌కి ఒక్క గీత కూడా పడలేదని తెచ్చిచ్చినాయన పదే పదే చెప్పాడు, అదేదో వాళ్ళకి ఊరట అయినట్టు.

ఆ "ఆ" ని ఆ తర్వాత కట్టిన ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట పెట్టింది, డ్రమ్ము కింద, బాకా వెనక. అదేం చప్పుడక్కా అని అడిగేవాళ్ళు పాడే పిల్లలు. ఒకరకం డ్రమ్ము అని చెప్పేది.

అమ్మకి ఈ పెట్టెంటే గిట్టేది కాదు. కొడుకు పోయాక చర్చిలో చేరి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది, చుట్టలు మానేసింది, లోకపు పాటలు మానేసింది, అన్నం తినేచోట ఆ శవపెట్టె పెట్టకు అనేది. అట్లాంటిది మొన్న, ఆస్పత్రికి బయల్దేరే ముందు సాయంత్రం, స్నానం చేసి, తల దువ్వుకుని, మంచం చివర బుద్ధిగా కూచుంది. జూసీ మైకు పెడుతోంది. బయట కుక్క, పైవాళ్ళ టీవీ, బస్సు మలుపు తిరుగుతూ మూలిగే మూలుగు. ఇవన్నీ లోపలికొచ్చేస్తాయని కిటికీ మూసింది.

"ఇందులో మాట్లాడితే లోపల ఉండిపోద్దా?"

"ఉంటదమ్మా. తర్వాత నువ్వు మీట నొక్కితే నీ గొంతే వస్తది."

"వాడు కూడా దీంట్లో మాట్లాడాడు గదా."

మైకు తీగ చేతికి చుట్టుకుంటోంది జూసీ, చుట్టుకుని విప్పుతోంది. "మాట్లాడాడు."

"వినిపించు."

నొక్కింది. ఆ.

"ఇంకా?"

"అంతేనమ్మా."

"అంతే ఏంటే? గంటలు గంటలు వాగేవాడు దీనికి. నేను కంచంలో అన్నం పెట్టుకుని కూచునేదాన్ని, చల్లారిపోయేది."

"కోసేశాను. నేర్చుకునేటప్పుడు."

మళ్ళీ నొక్కమంది అమ్మ. నొక్కింది. మళ్ళీ అంది. ఒక్కోసారి తల కాస్త పక్కకి వంచి, బేరమాడేవాడి మాట సరిగా వినబడనప్పుడు వంచేది చూడు, అట్లా వంచి విన్నది. చివరికి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఇది వాడని నీకెట్టా తెలుసుద్ది? ఇది ఎవడైనా అవ్వొచ్చు."

జూసీ మైకు తీగ మళ్ళీ చేతికి చుట్టుకుంది.  ఇప్పుడు ఆకుపచ్చ గోడ ముందు కూచుని దాని గురించి ఆలోచించకూడదనే బుడిపె తిప్పుతోంది, తిప్పినకొద్దీ అదే వినబడుతోంది, బొంగురుగా, కోపం కూడా లేకుండా. ఎవడైనా అవ్వొచ్చు. ఆ తర్వాత అమ్మ చీర కొంగులాంటి ఆ పాత తువ్వాలు భుజం మీద సర్దుకుని, సరే ఎక్కడ మాట్లాడాలి అంది. వాణ్ణి కోసినట్టు నన్ను కొయ్యకు అంది. రేపు వాళ్ళు ఎటూ కోస్తారు.

అవును అనమ్మా. అవును. కాదు అను. కాదు. దుప్పటి, కిటికీ, నీళ్ళు, మరుగుదొడ్డి, ఇంటికెళ్దాం, చాలు. దేవుడికి స్తోత్రం కూడా పెట్టు అని తనే అడిగి మరీ చెప్పింది, ఆ ఒక్కటీ సంతలో కేకేసినట్టు గట్టిగా వచ్చేసరికి, శబ్దం మితిమీరితే వెలిగే ఎర్రదీపం వెలిగింది. నొప్పి దగ్గర పేచీ పెట్టింది. ఇప్పుడు నొప్పి లేదు గదే. రేపటికమ్మా. రేపటి నొప్పి ఇవాళెందుకు అనిపిస్తావే నాచేత, ఇవాళ అనేస్తే రేపు తగ్గుద్దా. అని, ఇద్దరూ నవ్వి, నవ్వు దగ్గుగా మారి, దగ్గు తగ్గేదాకా జూసీ వీపు నిమిరి, అప్పుడు అంది నొప్పి అని, నిజంగానే అంది. చివరికి నా పేరు అనమ్మా అంటే అమ్మ చిరాకు పడింది. "నీ పేరెందుకు, ఎదురుగానే ఉన్నావు గదా." లేనప్పుడమ్మా. ఎదురుగా లేనప్పుడు. అమ్మ ఆమెని కాసేపు చూసింది. తర్వాత ఊపిరి తీసుకుని పిలిచింది.

కొయ్యకు అంది కాబట్టి ఏదీ పారెయ్యకూడదు. మీటకి గుర్తు మాత్రమే పెట్టాలి, ఇక్కణ్ణించి ఇక్కడిదాకా అని, మిగతా దగ్గూ నవ్వూ పేచీ కుక్కా బస్సూ అన్నీ అటూ ఇటూ అలాగే ఉండాలి. దానికి చోటు కావాలి. కార్డు పాతది, ఇలాంటి కార్డులు ఇప్పుడు దొరకడం లేదు. నిన్న లోపల కోస్తున్నంతసేపూ ఇదే కుర్చీలో కూచుని జూసీ తను ఇన్నేళ్ళూ కట్టినవన్నీ చెరిపేసింది. స్టేషన్ వెనక మైదానంలో ఆ ఆదివారం జనం నేల అదిరేలా ఎగిరారే అది, గారేజీ పిల్లలు మూడు పాటలు పాడింది, ఎవరికీ వినిపించకుండా తనకోసం దాచుకున్న నెమ్మదైనది, పార్లరులో ఒకామె ఏడుస్తూ గోళ్ళు రంగేయించుకున్న రోజున ఇంటికొచ్చి కట్టింది. చెరపమంటావా అని పెట్టె ప్రతిదానికీ అడుగుతుంది. ఊఁ. చెరపమంటావా. ఊఁ. గంటలు గడిచేకొద్దీ అదే చేత్తో చేస్తున్న పనిలా అయిపోయింది, గింజలు ఏరినట్టు. చివర్న ఎద్వాన్ "ఆ" వచ్చింది, దాని దగ్గర వేలు ఆగింది, దాన్ని వదిలేసి పక్కది చెరిపింది. ఇంకేం మిగల్లేదు. బాధగా ఉంటుందనుకుంది. ఆకలేసింది. కిందికెళ్ళి కోడిమాంసం పెట్టిన వడ ఒకటి నిలబడి తిని వచ్చింది.

చిటుక్. దీనికి మందు తెలుసు, మామూలుగా అయితే. మాటకి ముందున్న నిశ్శబ్దంలోకి గుర్తు జరిపితే సరి. కానీ ఈ మాటకి ముందు నిశ్శబ్దం లేదు, అమ్మ ఊపిరి ఉంది, ఊపిరినిండా గరగర, గడ్డ పక్కనుంచి గాలి ఒరుసుకుంటూ దారి చేసుకుంటున్న చప్పుడు, ఒక్క క్షణం కూడా నిలవదు, ఎక్కడ కోసినా కదిలే రైలే. ఇంకో మందు కూడా వేసి చూసింది, శబ్దం బుడిపె సున్నాలో పెట్టి, చేత్తో మెల్లగా పెంచుతూ మళ్ళీ ఎక్కించింది, చిటుకు పోయింది గానీ దాంతోపాటు పేరు ముందరి బుస కూడా అరిగిపోయి, ఎవరో ఊసీ అని పిలిచారు. ఊసీ ఎవరు. దాన్ని తీసేసింది. ఇంక వెనక్కే. ఊపిరి మొదలు దాటి ఇంకా వెనక్కి, మంచం కిర్రుమన్న చోటు దాటి, అక్కడ అమ్మ గుటక వేసింది, వినబడుతోంది, కష్టంగా, పోటు ఓర్చుకుంటూ వేసిన గుటక, ఆ గుటక అయ్యాక, ఊపిరి అందుకునేలోపు, ఒక చోట అమ్మ ఏమీ చెయ్యలేదు. లోపలికీ లేదు బయటికీ లేదు. ఇంట్లో కూడా ఏమీ చప్పుడు కాలేదు అప్పుడే. జూసీ గుర్తు అక్కడ పెట్టింది. నొక్కింది. గరగరమంటూ పొడుగ్గా ఊపిరి లోపలికెళ్ళింది, ఆనక, తడుముకోకుండా, "జూసీ". చిటుకు లేదు. ఇంకోసారి నొక్కింది. లేదు. కళ్ళు మూసుకుని విన్నది. ఎవడైనా అవ్వొచ్చు అనడానికి లేదు దీన్ని. హెడ్‌ఫోన్లు తీసేసరికి నడవాలో చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా చెవుల్లో పడ్డాయి, జనం లేచి నిలబడుతున్నారు, పూలాయన నిద్రలేచి గుత్తి సర్దుకుంటున్నాడు.

"ఆ బొమ్మ లోపలికి తీసుకెళ్ళకూడదమ్మాయ్," అన్నాడు అదెర్బల్.

"బొమ్మ కాదు బాబాయ్. మా అమ్మ మాట్లాడ్డానికి."

అతను పెట్టెని చూశాడు, ఆమెని చూశాడు. ఎంతమందిని చూసుంటాడో ఈ తలుపు దగ్గర. "సరే పో. గోల చెయ్యకుండా ఉంటే."

వార్డులో ఉడికించిన బట్టల వాసన, మందుల వాసన, కిటికీలు ఎత్తులో ఉన్నాయి. అమ్మని మొదట పోల్చుకోలేకపోయింది. మొహం ఉబ్బి ఉంది, ముక్కులోంచి గొట్టం, మెడచుట్టూ కట్టు, కట్టు మధ్య ఒక ప్లాస్టిక్ రంధ్రం, ఆ రంధ్రం ఊపిరి తీస్తోంది, తడితడిగా, అమ్మ నోరు మూసుకునే ఉంది. నోటికి ఇంక ఊపిరితో పని లేదన్నమాట. పెదవులు ఎండి పగిలి తెల్లటి పొర కట్టాయి. కళ్ళు మాత్రం అమ్మవే, తలుపు వైపే చూస్తున్నాయి, ఎంతసేపట్నించి చూస్తున్నాయో. అమ్మా నేనే అంది జూసీ, అనవసరంగా. నుదురు నిమిరింది. పెట్టెకి చిన్న స్పీకరు తగిలించి, దుప్పటి మీద, చేతికందే చోట పెట్టింది. మీటల మీద కాగితం ముక్కలు అంటించి బొమ్మలు గీసింది, గ్లాసు, కిటికీ, దుప్పటి, అడ్డంగా గీసిన గీత అంటే కాదు, సూర్యుడంటే దేవుడు, చివరి మీట మీద గోళ్ళరంగు సీసా, అది తను. ఒక్కొక్కటీ వేలితో చూపించింది. అమ్మ చూసింది. సూది గుచ్చిన చెయ్యి కాదు, రెండో చెయ్యి మెల్లగా లేచింది, వేలు మీటల మీద కాసేపు తిరిగింది, సంతలో గెలల మీద తిరిగేది అట్లాగే, ఏది పండిందో చూడ్డానికి. జూసీ గోళ్ళరంగు సీసాకేసి చూడకుండా ఉండటానికి కిటికీకేసి చూసింది.

"నీళ్ళు."

పక్క మంచం మీదామె ఉలిక్కిపడి తల తిప్పింది. అంత స్పష్టంగా వచ్చింది. మొన్న సాయంత్రం స్నానం చేసి కూచున్న మనిషి గొంతు, కాస్త బొంగురు, ఏ బాధా లేదు అందులో, అలా అడిగి పక్కకి తిరిగి ఇంకో పని చూసుకునే మనిషి.

"నీళ్ళివ్వకూడదంట అమ్మా. కుట్లు మానేదాకా. ఆ గొట్టంలోంచే పోస్తున్నారు అన్నీ." 

"నీళ్ళు."

"కొన్నాళ్ళేనమ్మా. డాక్టరు చెప్పాడు గదా."

"నీళ్ళు." "నీళ్ళు." "నీళ్ళు."

అన్నీ ఒకటే. అదే జూసీకి తట్టనిది, ఇన్ని గంటలు చెవి పెట్టి విని కూడా తట్టనిది. మనిషి అడుగుతూ పోతే గొంతు మారుతుంది, కోపమొస్తుంది, బతిమాలుతుంది, అలిసిపోయి సన్నబడుతుంది, ఇది మాత్రం ఎన్నిసార్లైనా మొదటిసారి అడిగినట్టే అడుగుతోంది, మర్యాదగా, అప్పుడే దాహమేసినట్టు. పైన అమ్మ మొహం మాత్రం మారుతోంది. కళ్ళనిండా నీళ్ళు, పెదవులు కదులుతున్నాయి, రంధ్రం గుర్రుమంటోంది, వేలు ఇంకా గట్టిగా నొక్కుతోంది, గట్టిగా నొక్కితే గట్టిగా వస్తుందని. రాదు. ఎంత గట్టిగా నొక్కినా అంతే వచ్చేలా కట్టింది తనే.

"ఒక చుక్క ఇవ్వమ్మా," అంది పక్క మంచం ఆమె, క్విటేరియా అని గోడ మీద పేరుంది. "అట్లా అడుగుతుంటే రాయి కూడా కరుగుద్ది. ఒక్క చుక్కకి ఏమవుద్ది."

"కుట్లు విడిపోతాయంట పెద్దమ్మా."

"అయితే ఆ డబ్బా ఆపు. నేను వినలేను."

నర్సు మర్లూసి వచ్చింది. గాజుగుడ్డ తడిపి పెదవులకద్దొచ్చు, అంతకంటే లేదు అంది. జూసీ అద్దింది. పగిలిన పెదవులు గుడ్డని పట్టుకున్నాయి, వదల్లేదు, పీల్చడానికి చూస్తే నర్సు లాగేసింది. "నీళ్ళు," అంది పెట్టె. "చూడమ్మా, మంచి పనే చేశావు, కాదన్ను. కానీ ఇక్కడ ఇంకో ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళల్లో సగం మందికి నీళ్ళు లేవు. ఆ ఒక్క మాటా తీసెయ్. గొట్టం తీశాక మళ్ళీ పెట్టుకోవచ్చు." తీసెయ్యడం. తీసేస్తే మళ్ళీ పెట్టుకోడానికి ఎక్కణ్ణించి వస్తుందో ఈమెకి తెలియదు, చెప్పాలని కూడా అనిపించలేదు. "నీళ్ళు." వార్డంతా ఇటే చూస్తోంది. "నీళ్ళు." జూసీ చెయ్యి శబ్దం బుడిపె మీదికి వెళ్ళింది. ఉన్నట్టుండి ఆపలేదు. అమ్మ వేలు నొక్కుతూనే ఉంది, జూసీ వేళ్ళు మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా, ఆమెకి బాగా చేతనైన పద్ధతిలో తగ్గిస్తూ పోయాయి, నీళ్ళు కాస్త దూరమైంది, పక్కగది నుంచి వచ్చినట్టైంది, వీధి చివర్నుంచి వచ్చినట్టైంది, ఆ తర్వాత మీట మీద వేలు తగిలే రబ్బరు చప్పుడు మాత్రం మిగిలింది. ఎక్కడ ఆగిపోయిందో వార్డులో ఎవరికీ తెలిసుండదు. క్విటేరియా దుప్పటి లాక్కుని అటు తిరిగింది. నర్సు జూసీ భుజం తట్టి వెళ్ళింది.

అమ్మకి తెలిసింది. ఇంకో రెండుసార్లు నొక్కింది, ఆగింది. కూతురి చెయ్యి ఎక్కడుందో చూసింది. కోపం కాదు అది. పెట్టెలోంచి కొడుకు గొంతు వినిపించమని అడిగి, విని, చెయ్యి అడ్డం పెట్టినప్పుడు కూడా ఇట్లాగే చూసింది. ఆ తర్వాత కళ్ళు పైకప్పు వైపు తిప్పుకుని, వేలు మీట మీంచి తియ్యకుండా, నొక్కకుండా, అలాగే ఉండిపోయింది. రంధ్రం ఊపిరి తీస్తూ ఉంది. అటు మంచం దగ్గర ఎవరో నారింజ వొలుస్తున్నారు, వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఇంకాసేపట్లో గంట కొడతారు. గంట కొడితే వెళ్ళిపోవాలి, ఇంటికెళ్ళే బస్సులో సీటు దొరుకుతుంది ఈ వేళప్పుడు, ఇంట్లో ఎవరూ ఉండరు, వంటింటి బల్ల మీద ఏం పెట్టినా ఎవరూ ఏమీ అనరు. అమ్మ ఇక్కడ ఇలా ఉంటుంది, వేలు పెట్టుకుని. అరుపులతో బతికిన మనిషి. ఇవ్వరని తెలిసీ అడిగింది, ఒకసారి కాదు. ఇవ్వకపోవడం డాక్టరు పని, అడగనివ్వకపోవడం మాత్రం ఎవరూ చెప్పకుండా తను చేసిన పని.

జూసీ బుడిపె పట్టుకుని పూర్తిగా కుడికి తిప్పింది. అమ్మ చూపు కిందికి దిగింది.

"నీళ్ళు."

వార్డు ఆ మూలనించి ఈ మూలకి వినబడింది, పూలాయన గుత్తి పట్టుకుని అక్కణ్ణించి తిరిగి చూశాడు, నారింజ వొలిచే చేతులు ఆగాయి, క్విటేరియా ఏసు నామం తలుచుకుంది. నర్సు మర్లూసి ట్రే పట్టుకుని గబగబా వచ్చేస్తోంది. "ఏంటమ్మా ఇది, చెప్పాను గదా, ఇస్తే చచ్చిపోద్ది ఆవిడ."

జూసీ లేచి మంచానికీ ఆమెకీ మధ్య నిలబడింది.  వెనకనించి అమ్మ మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది.

"ఇవ్వను సిస్టర్," అంది. "అడగనివ్వండి."